అంగట్లో కొన్న ప్రాజెక్టుతో సైబర్ సెక్యూరిటీ ఉద్యోగం రాదు సార్

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, కంప్యూటర్ సైన్స్ హెచ్‌ఓడీలకు, ప్లేస్‌మెంట్ ఆఫీసర్లకు నమస్కారం.

నేను ఈ ప్రాంతంలోనే ఒక ప్రైవేటు కాలేజీలో 2013లో బీటెక్ పూర్తి చేశాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివినవాడిని. వెబ్‌సైట్లలో, మొబైల్ యాప్‌లలో సెక్యూరిటీ లోపాలు వెతికి రిపోర్టు రాయడం ఇప్పుడు నా ఉద్యోగం. వారంలో రెండు రోజులు హైదరాబాద్ ఆఫీసు, మిగతా రోజులు హనుమకొండలో ఇంటి నుంచే పని. కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు నన్ను ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చోబెడతారు. ఈ ఉత్తరం రాయాలన్న ఆలోచన అక్కడే పుట్టింది.

మొన్న ఒక శనివారం మన వైపు పిల్లల రెజ్యూమేలు నా ముందుకొచ్చాయి. కాలేజీలు వేరు, ఊళ్లు వేరు. నలుగురి ప్రాజెక్టు మాత్రం ఒక్కటే: బ్లాక్‌చెయిన్ ఓటింగ్. అబ్‌స్ట్రాక్ట్ కూడా ఒక్కటే. రెండో వాక్యంలో ఒక ఇంగ్లిష్ మాటకు స్పెల్లింగ్ తప్పు పడింది, నలుగురిదీ అదే తప్పు. మొదటి అబ్బాయిని "యూజర్ పాస్‌వర్డ్ ఎక్కడ దాస్తున్నావు?" అని అడిగాను. "డేటాబేస్‌లో సార్" అన్నాడు. "ఎట్లా దాస్తున్నావు? ఉన్నది ఉన్నట్టేనా?" అంటే నేల చూశాడు. ఇంటర్వ్యూ అయిపోయాక కారిడార్‌లో పట్టుకుని నెమ్మదిగా అడిగాను, "తమ్మీ, ఎంతకు తీసుకున్నవ్?" వాడు కాసేపు నసిగి, "ఎనిమిది వేలు అన్నా. డాక్యుమెంటేషన్ తోని కలిపి. బైండింగ్ మనదే" అన్నాడు.

వాడిని తిట్టే హక్కు నాకు లేదు. నేనూ కొన్నాను.

మా బ్యాచ్‌లో 4-2 (నాలుగో ఏడాది రెండో సెమిస్టర్) వచ్చేసరికి నలుగురం కలిసి డబ్బులు పోగేసి, ముఖం చూసి అటెండెన్స్ వేసే ప్రాజెక్టు ఒకటి సీడీలో తెచ్చుకున్నాం. నా వాటా డబ్బు మా బాపు పత్తి అమ్మిన డబ్బులో నుంచి పోయింది. "ఏం బిడ్డా, ఇది పరీక్ష ఫీజా?" అని అడిగితే అవునన్నాను. వైవా రోజు గైడ్ సార్ సంతకం పెట్టారు, ఎక్స్‌టర్నల్ సార్ బంగారు అక్షరాల బైండింగ్ తిరగేసి టీ తాగి వెళ్లారు. మంచి మార్కులే వచ్చాయి. రెండు నెలల తర్వాత మొదటి ఇంటర్వ్యూలో ఆ అటెండెన్స్ ఎర్రర్ మెసేజ్ తెలుగులో రావాలంటే ఏ ఫైల్‌లో మార్చాలని అడిగారు. ఏ ఫైలో నాకు తెలియదు. అక్కడి నుంచి అమీర్‌పేట హాస్టల్‌లో పధ్నాలుగు నెలలు. మైత్రీవనం చుట్టూ కరపత్రాలు పంచే పిల్లల దగ్గర నేను తీసుకున్న కాగితాలన్నీ దాచి ఉంటే ఒక పుస్తకం అయ్యేది.

ఇదంతా పాత కథ అనుకోకండి. మీ కాలేజీ గేటు ఎదురుగా, బస్టాండు దగ్గర, నయీంనగర్ రోడ్డు మీద "ఐ ట్రిపుల్ ఈ ప్రాజెక్టులు చేసి ఇవ్వబడును" అన్న బోర్డులు మీరూ రోజూ చూస్తున్నారు. తెలియక జరుగుతున్నది కాదు. అందరం తెలిసి కళ్లు మూసుకున్నది.

సరే, బీటెక్‌లో ప్రాజెక్టు కొనడం ఎప్పటి నుంచో ఉన్నదే, ఇప్పుడెందుకు ఈ గొడవ అంటారేమో. మారింది ఒకటుంది. 2020 తర్వాత మీలో చాలా కాలేజీలు సీఎస్‌ఈకి పక్కన బ్రాకెట్ పెట్టి సైబర్ సెక్యూరిటీ బ్రాంచ్ తెరిచాయి. బ్రోచర్లో నల్ల హుడీ వేసుకున్న మనిషి, వెనకాల పచ్చ అక్షరాల వాన. తల్లిదండ్రులు నన్ను ఆపి మరీ అడుగుతున్నారు, "మా పోరన్ని అండ్ల చేర్పించినం, మంచిదేనా?" అని. మంచిదే. కానీ ఒక్క వెబ్‌సైట్ కూడా తన చేత్తో కట్టని పిల్లవాడు ఇంకొకరి వెబ్‌సైట్‌లో లోపం ఎట్లా కనిపెడతాడు? బావి తవ్వినవాడికే ఊట ఎటు నుంచి వస్తుందో తెలుస్తుంది. సెక్యూరిటీ కోసం వేరే బ్రాంచ్ పెట్టారు గానీ, దాని కింద ఉండాల్సిన సాఫ్ట్‌వేర్ పని మాత్రం ఎదురు షాపుకు అప్పజెప్పారు.

అదే శనివారం ఇంకో అమ్మాయి వచ్చింది. ములుగు వైపు పల్లె. టెన్త్ దాకా తెలుగు మీడియం. ఇంగ్లిష్ తడబడుతోంది, మొదటి ఐదు నిమిషాలు టెన్షన్‌తో చేతులు వణికాయి. ప్రాజెక్టు చూస్తే హాస్టల్ ఔటింగ్ పాస్‌ల రిజిస్టరు. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్. రంగులు కూడా అంత బాగా లేవు. నేను అడిగాను, "నా పాస్ నంబరు 112 అనుకో. అడ్రస్ బార్‌లో 112 తీసేసి 113 కొడితే ఏమొస్తుంది?" ఆమె ఒక క్షణం ఆలోచించింది. "పక్కామె పాస్ వస్తది సార్... అయ్యో, వస్తది!" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ తర్వాత కాగితం అడిగి తీసుకుని, లాగిన్ అయిన మనిషి ఐడీని పాస్ యజమాని ఐడీతో పోల్చే షరతు ఎక్కడ పెట్టాలో గీసి చూపించింది. మేం తీసుకున్నది ఆ అమ్మాయినే.

ఆమె ఆ నిమిషంలో పట్టుకున్న తప్పు చిన్నది కాదు. వెబ్ అప్లికేషన్లకు ఉండే పది ముఖ్యమైన ప్రమాదాల జాబితాను ఓవాస్ప్ అనే సంస్థ కొన్నేళ్లకొకసారి వేస్తుంది. 2017 జాబితాలో మొదటి స్థానం ఇంజెక్షన్‌ది, అంటే వివరాలు నింపే పెట్టెలో కమాండ్లు దూర్చడం. 2021లో ఆ స్థానానికి వచ్చింది బ్రోకెన్ యాక్సెస్ కంట్రోల్. ఎవరు ఏది చూడొచ్చు, ఏది చూడకూడదు అన్న తనిఖీ లేకపోవడం అన్నమాట. ఓటింగ్ ప్రాజెక్టు పిల్లలూ ఈ జాబితాను బట్టీ పట్టే వచ్చారు, పదీ వరసగా అప్పజెప్పగలరు. సొంత కోడ్‌లో దాన్ని చూసింది మాత్రం ఆమె ఒక్కతే.

ఇక్కడ మీకు నచ్చని సంగతి ఒకటి చెప్పాలి. నాకు తెలిసిన ఒక కుర్రాడు, మన ప్రాంతపు కాలేజీ ఒకదానిలో మూడో సంవత్సరంలో ఉండగా, కాలేజీ పోర్టల్‌లో సరిగ్గా ఇదే లోపం చూశాడు. హాల్‌టికెట్ నంబరు మారిస్తే పక్కవాడి మెమో, తండ్రి ఫోన్ నంబరు, కులం సర్టిఫికెట్‌తో సహా తెరుచుకుంటోంది. పరుగెత్తుకెళ్లి ల్యాబ్ ఇన్‌ఛార్జికి చూపించాడు. మెచ్చుకుంటారనుకున్నాడు పాపం. "హ్యాకింగ్ చేస్తున్నవా? మీ నాయినను తోల్కరా" అన్నారు. తండ్రి కూలి పని మానుకుని వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పోర్టల్ ఇంకో ఏడాది అట్లాగే ఉంది. ఆ కుర్రాడు సెక్యూరిటీ జోలికి మళ్లీ పోలేదు, బ్యాంక్ కోచింగ్‌లో చేరాడు.

చట్టం సంగతి నాకు తెలియక కాదు. యజమాని అనుమతి లేకుండా ఎవరి కంప్యూటర్‌లోకైనా వెళ్లడం 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తుంది. అదే దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పిల్లలకు ఈ రెండు సెక్షన్లు మొదటి వారంలోనే చెప్పాలి, యూట్యూబ్ చూసి వైఫై పాస్‌వర్డ్‌లు కొట్టక ముందే చెప్పాలి. కానీ భయం ఒక్కటే చెప్తే సరిపోదు కదా. తప్పు కనిపిస్తే ఎవరికి చెప్పాలో కూడా కాలేజీయే చెప్పాలి. ఒక ఈమెయిల్ అడ్రస్ చాలు. వెబ్‌సైట్‌లో సెక్యూరిటీ డాట్ టీఎక్స్‌టీ అని చిన్న ఫైల్ పెట్టి, లోపం కనిపిస్తే ఈ అడ్రస్‌కు రాయండి అని అందులో రాయొచ్చు. ఆ ఫైల్ ఎట్లా ఉండాలో 2022లో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఒక పత్రం కూడా వేసింది. పైసా ఖర్చు లేదు, పది నిమిషాల పని. ఏది ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు అని ఒక పేజీ రాసి ప్రిన్సిపాల్ గారు సంతకం పెడితే, ఆ కుర్రాడి లాంటి వాళ్లు దొంగల్లా కాకుండా విద్యార్థుల్లాగే ఉంటారు.

ఇక ప్రాజెక్టు దగ్గరికే వస్తాను. "మరి వాళ్లతో ఏం చేయించమంటావయ్యా, ఇంతమంది ఉన్నారు" అని ఒక హెచ్‌ఓడీ సార్ నన్ను నిజంగానే అడిగారు. ఆయనకు అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. తర్వాత తట్టింది.

మన ఊళ్లో ఎనుమాముల మార్కెట్ ఉంది. మిర్చి సీజన్‌లో తెల్లవారకముందే బస్తాలతో ట్రాలీలు బారులు తీరతాయి. జెండా పాట (ధర తేల్చే వేలం) అవుతుంది, కాంటా అవుతుంది, ధర, తూకం, హమాలీ, తూకం వేసే దడువాయి చార్జీలు అన్నీ వేసి రైతు చేతికి తక్‌పట్టీ అనే లెక్క చీటీ వస్తుంది. ఈ పిల్లల్లో సగం మంది ఇళ్లలో దండేనికి తగిలించిన సంచిలో ఆ తక్‌పట్టీలు ఉంటాయి. ఒక నలుగురిని, తక్‌పట్టీ నకలు ఫోన్‌లో చూసుకునే చిన్న యాప్ కట్టమనండి. నిజం మార్కెట్‌కు అమ్మక్కర్లేదు, ల్యాబ్‌లోనే, దొంగ పేర్లతో. ఇప్పుడు చూడండి ఏం జరుగుతుందో. ధర అందరికీ కనపడాలి, రైతు బ్యాంకు ఖాతా నంబరు మాత్రం అందరికీ కనపడకూడదు. కాంటా అయ్యాక తూకంలో ఒక్క కిలో ఎవరైనా మారిస్తే, ఎవరు, ఎప్పుడు మార్చారో చెరగని లెక్క ఉండాలి. సరుకు ఎక్కువగా వచ్చిన రోజున యాప్ పడుకోకూడదు. గోప్యత, సమగ్రత, అందుబాటు అని మూడు మాటలు మీరు నెట్‌వర్క్ సెక్యూరిటీ మొదటి యూనిట్‌లో చెప్తారు, పిల్లలు ఇరవై మార్కుల కోసం రాస్తారు. ఆ మూడూ ఇవే. తండ్రి క్వింటాకు ఎంత పోగొట్టుకుంటాడో చిన్నప్పటి నుంచి విన్న పిల్లవాడికి రెండోదాన్ని ఎవరూ వివరించక్కర్లేదు. తూకం మార్చగలిగేది అడ్తిదారా, గుమాస్తానా, ఖరీదుదారా అని వాడే మిమ్మల్ని అడుగుతాడు. మేం ఆఫీసులో థ్రెట్ మోడలింగ్ అని పెద్ద పేరు పెట్టి బోర్డు ముందు గంటలు గంటలు చేసే పని అదే.

ఒక బ్యాచ్ కట్టింది ఇంకో బ్యాచ్‌కు ఇచ్చి, రాతపూర్వకంగా అనుమతి ఇచ్చి, పగలగొట్టమనండి. లాగిన్ బాక్స్‌లో ఒక కొటేషన్ గుర్తు కొడితే డేటాబేస్ ఎర్రర్ బయటపడిందా, ఆ క్వెరీ ముక్కలు అతికించి రాశారని అర్థం. దాన్ని ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌గా, అంటే క్వెరీ వేరు, యూజర్ కొట్టింది వేరుగా పంపేలా మార్చడం అరగంట పని, కానీ ఆ అరగంట జన్మంతా గుర్తుంటుంది. పాస్‌వర్డ్‌లు ఎండీ5 అనే పాత పద్ధతిలో మార్చి దాస్తే ఎంత త్వరగా బయటికొస్తాయో పక్క బ్యాచ్ చూపిస్తుంది, అంతకంటే గట్టిదైన బీక్రిప్ట్ ఎందుకో అప్పుడు అడిగి తెలుసుకుంటారు. దొరికిన ప్రతి లోపానికీ ఒక పేజీ రిపోర్టు: ఎక్కడ, ఎట్లా, ఎవరికి నష్టం, ఎట్లా సరిచేయాలి.

ఆ రిపోర్టు మీద ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఉద్యోగంలో సగం అదే. మన పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదు. కొత్తగా చేరేవాళ్లలో చాలామందికి దొరికేది సాక్ (సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్) ఎనలిస్ట్ పని. షిఫ్టుల్లో కూర్చుని, తెర మీద వచ్చే అలర్టులు చూసి, ఏది నిజం ఏది ఉత్తది అని తేల్చి, నాలుగు ముక్కలు రాసి పైవాళ్లకు పంపాలి. నైట్ షిఫ్టులు ఉంటాయి. హుడీ ఉండదు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు సైబర్ దాడి జరిగిందని తెలిసిన 6 గంటల్లో దానికి చెప్పాలి, లాగ్‌లు (కంప్యూటర్లలో ఏం జరిగిందో నమోదయ్యే చిట్టాలు) 180 రోజులు దాచాలి. దాచిన ఆ లాగ్‌లు చదివే మనుషులు కావాలి కదా, అక్కడే మన పిల్లలకు చోటు. కానీ నాకొచ్చే ఫ్రెషర్లలో ఎక్కువమంది లాగ్ ఫైల్ అనేది కంటితో చూడలేదు. మీ కాలేజీ సర్వర్ లాగ్‌లు ఒక రోజువి తీసి, పేర్లు, నంబర్లు చెరిపేసి, ల్యాబ్‌లో ఇవ్వండి. ఎక్కడెక్కడి దేశాల నుంచో మీ అడ్మిన్ పేజీని తట్టి చూసినవాళ్లు అందులో కనిపిస్తారు. పిల్లల కళ్లు పెద్దవవుతాయి, బహుశా మీవి కూడా.

ఇంగ్లిష్ రాదని వెనక్కి తగ్గే పిల్లలకు ఒక మాట చెప్పమనండి. లోపం రిపోర్టు రాయడానికి సాహిత్యం అక్కర్లేదు. పొట్టి వాక్యాలు చాలు. నేను మొదటి ఆరు నెలలు తెలుగులో ఆలోచించి, ఇంగ్లిష్‌లో మూడేసి పదాల వాక్యాలు రాశాను. మా మేనేజరుకు అవే నచ్చాయి.

కొన్న ప్రాజెక్టుతో ఇంకో తిప్పలు ఉంది. 2021 డిసెంబరు 10, శుక్రవారం. లాగ్4జే అనే జావా లైబ్రరీలో లోపం బయటపడింది. ఆ లైబ్రరీ చేసే పని సర్వర్‌లో జరిగేది రాసిపెట్టుకోవడం, అంతే. కానీ ప్రత్యేకంగా కూర్చిన ఒక వరస అక్షరాలు అందులో రాయించగలిగితే, సర్వర్ తనంతట తానే బయటి కోడ్ తెచ్చుకుని నడిపిస్తుంది. తీవ్రత 10కి 10 అన్నారు. ఆ రాత్రి, ఆ వారమంతా మేం చేసిన పని ఒక్కటే: ఏ క్లయింటు దగ్గర, ఏ అప్లికేషన్ లోపల, ఆ లైబ్రరీ ఎక్కడ దాక్కుని ఉందో వెతకడం. చాలా చోట్ల కట్టినవాళ్లకే తెలియదు, ఎవరో పెట్టిన జార్ ఫైల్‌ను (జావా కోడ్ మూటను) ఎవరో కాపీ చేశారు. నాకు ఆ రాత్రి మా సీడీ గుర్తొచ్చింది. అందులో ముప్ఫై, నలభై జార్ ఫైళ్లు ఉండేవి. అవి ఏమిటో ఒక్కటి కూడా మేం తెరిచి చూడలేదు.

ఇప్పుడు షాపుకు వెళ్లే పని కూడా తప్పుతోంది, చాట్‌జీపీటీ రాసిపెడుతోంది అంటారు. వాడనివ్వండి, ఆఫీసులో మేమూ వాడుతున్నాం. వైవాలో మాత్రం కోడ్‌లో ఏ వరసనైనా చూపించి ఇది ఎందుకు, ఇది తీసేస్తే ఏమవుతుంది అని అడగాలి. చెప్పగలిగితే ఎవరు రాస్తే ఏం, చెప్పలేకపోతే షాపుదైనా చాట్‌జీపీటీదైనా ఒకటే.

డబ్బులు లేవన్న మాట ఈ విషయంలో నేను ఒప్పుకోను. లినక్స్ ఉచితం. కావాలని లోపాలతో కట్టిన డీవీడబ్ల్యూఏ, జ్యూస్ షాప్ లాంటివి ఉచితం, మీ పాత ల్యాబ్ మిషన్లలోనే నడుస్తాయి. లోపాలు వెతికే సాధనాలు బర్ప్ సూట్ కమ్యూనిటీ ఎడిషన్, వైర్‌షార్క్, ఎన్‌మ్యాప్ ఉచితం. బర్ప్ సూట్ చేసే పోర్ట్‌స్విగ్గర్ వాళ్ల ఆన్‌లైన్ పాఠాలు, వెబ్ సెక్యూరిటీ అకాడమీ, అవీ ఉచితం. లినక్స్ కమాండ్లు రానివాళ్లకు ఓవర్ ద వైర్ అనే వెబ్‌సైట్‌లో బ్యాండిట్ అనే ఆట ఉంది, ఒక మెట్టులో దొరికిన పాస్‌వర్డ్‌తో తర్వాతి మెట్టు ఎక్కాలి. రెండో సంవత్సరం సెలవుల్లో అది ఆడించండి చాలు. లక్ష రూపాయల సర్టిఫికెట్ కోర్సులను ప్లేస్‌మెంట్ సెల్ గోడ మీద అంటించే ముందు, ఇవి చేసిన పిల్లలు ఎంతమందో లెక్క చూడండి. సర్టిఫికెట్ వద్దనను, నేనూ రెండు చేశాను, కానీ జీతం వచ్చాక చేశాను.

సొంతంగా చూపించడానికి ఏమీ లేని పిల్లవాడి చుట్టూ ఎవరు మూగుతారో కూడా మీకు తెలుసు. బ్యాక్‌డోర్ ఉద్యోగం అని రెండు లక్షలు తీసుకునేవాడు వస్తాడు. మూడేళ్ల దొంగ ఎక్స్‌పీరియన్స్ అమ్మేవాడు వస్తాడు, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ యూఏఎన్ నంబరు తీసి చూస్తే బండారం బయటపడుతుంది. వీళ్లకంటే ఘోరమైనవాళ్లు కూడా ఉన్నారు. థాయ్‌లాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగం అని చెప్పి, సరిహద్దు దాటించి మయన్మార్‌లో బంధించి, మనవాళ్ల చేతనే మనవాళ్లకు మోసపు మెసేజ్‌లు పంపిస్తున్నారు. 2025 మార్చిలో అక్కడ చిక్కుకున్న వందల మందిని వైమానిక దళం విమానాల్లో వెనక్కి తెచ్చారు. వాళ్లలో మన తెలంగాణ పిల్లలు ఉన్నారు. గల్ఫ్ ఏజెంట్ల చేతిలో ఒక తరం దెబ్బతిన్న ఊళ్లు మనవి, ఇప్పుడు అదే గడపలోకి "ఐటీ జాబ్" అన్న పేరుతో వస్తున్నారు. అసలు ఐటీ పని ఎట్లా ఉంటుందో చేతులతో చేసి చూసిన పిల్లవాడు ఆ మాటకు కనీసం నాలుగు ప్రశ్నలు వేస్తాడు.

హైదరాబాద్ దూరం అన్న సాకు కూడా ఇప్పుడు లేదు. 2020 జనవరిలోనే మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ ఆఫీసులు తెరిచాయి. అసలు దేశంలో మొదటి రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ 1959లో వచ్చింది మన ఊరికే, ఇప్పుడు దాన్నే ఎన్ఐటీ అంటున్నాం. ఆ గోడ ఇవతల చదివే మన పిల్లలకు తెలివి తక్కువ అని నేను ఏ ఇంటర్వ్యూలోనూ అనుకోలేదు.

ఒక్క సెమిస్టర్‌లో అన్నీ మారవు. ఒక గైడ్ సార్‌కు ఎన్ని బ్యాచ్‌లు అంటగడుతున్నారో, ఆ సార్‌కు జీతం ఏ నెలది ఏ నెలలో వస్తుందో కూడా నాకు తెలుసు, దాని గురించి ఇంకో ఉత్తరమే రాయాలి. అందుకే ఈ ఏడాదికి ఒక్కటే అడుగుతున్నాను. ఈసారి వైవాలో బైండింగ్ పక్కన పెట్టించి ల్యాప్‌టాప్ తెరిపించండి. ఒక బటన్ మీది మాట ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి మార్చి, మళ్లీ నడిపి చూపించమనండి. ప్రతి బ్యాచ్‌కూ ఐదు నిమిషాలు. ముందే, ఇప్పుడే, నోటీసు బోర్డులో పెట్టండి, ఎదురు షాపుకు వెళ్లాలా వద్దా అని పిల్లలు ఆలోచించుకోవడానికి టైమ్ ఉంటుంది.

ఎక్స్‌టర్నల్ పక్కన కూర్చోవడానికి మనిషి కావాలంటే శనివారాలు నేను ఖాళీనే. నాలాంటివాళ్లు ఇక్కడ ఇంకో ఐదారుగురు ఉన్నారు, అడిగి చూశాను, వస్తామన్నారు. డబ్బులు వద్దు. రెండో శనివారం మాత్రం కుదరదు, మా బాపును కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇట్లు,
మీ పాత విద్యార్థి ఒకడు,
హనుమకొండ